క్యాన్సరు మాత్రలు - నేతగాని చేతులు

ఈ పుటలలో నూలు ధరను గూర్చి, రిబేటును గూర్చి, పేరుకుపోయిన సరకును గూర్చి వ్రాయుట మాకు వాడుక. ఈ మారు ఒక మందును గూర్చి వ్రాయుచున్నాము. మేము వైద్యులము కాము. పదవ తరగతి చదివి, సంఘము లెక్కలు వ్రాసుకొను కార్యదర్శులము. అయినను ఈ సంగతి వైద్యుల గదిలోనే ఆగక మగ్గపు గుంట వరకు వచ్చినది. మా సంఘపు చిట్టాలోనికి కూడ వచ్చినది. కనుక మన నేత కుటుంబముల వారికి తెలియజేయుట మా విధి యని తలంచితిమి.

మా ఎలవూరు చెన్నపట్టణమునకు ఉత్తరమున, గూడూరు రైలుమార్గములో గుమ్మిడిపూండికి, ఆరంబాకమునకు నడుమ నున్నది. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దులు మారి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రములో చేరినది. సత్యవేడు ప్రాంతము ఆంధ్రకు పోయినది. గీత ఎటు పడినను మన బంధువర్గము రెండు ప్రక్కల నుండనే యున్నది, మగ్గములును ఉన్నవి. జబ్బు చేసినప్పుడు మాత్రము ఇరువైపుల వారిలో చాలమంది రైలెక్కి చెన్నపట్టణమునకే పోవుదురు.

మా సభ్యులలో నొకరికి 2024 ప్రారంభమున పెద్దప్రేగులో క్యాన్సరు కనబడినది. ఆయన వయస్సు 55. గుంట మగ్గముపై తెల్ల ధోవతులు నేయుటలో మంచి పేరున్న పనివారు. మాకు అన్న వరుస. చెన్నపట్టణములో శస్త్రచికిత్స జరిగినది. పుండు మానిన పిమ్మట, మార్చి నెలలో, మిగిలియుండగల క్యాన్సరు కణములను నశింపజేయుటకై మాత్రలు ఇచ్చిరి. ఆ మందు పేరు కాపెసిటబీన్. ఉదయము కొన్ని, రాత్రి కొన్ని, 14 దినములు మ్రింగవలెను. తరువాత 7 దినములు విశ్రాంతి. ఇది యొక విడత. ఇట్టివి 8 విడతలు.

సూది లేదు, సీసా లేదు, మంచముపై పండుకొను పని లేదు. ఇంటిలోనే మాత్ర. ఇల్లంతయు సంతోషించినది. ఆయన మరునాడే మగ్గములో దిగినారు.

మే నెలలో ఆయన తెచ్చిన ధోవతులలో ఒకదాని అంచు ప్రక్కను రెండు ఎర్ర మరకలు కనబడినవి. మేము ఆకు వక్క నమలుచు నేసినారనుకొంటిమి. నలుగురు సభ్యుల యెదుటనే, "ఇంత అనుభవముండి మగ్గం మీద తాంబూలమేమిటన్నా?" అని అడిగితిమి. ఆయన తల వంచుకొని మారు పలుకలేదు. చిట్టాలో 'మరక' అని వ్రాసి కూలిలో కోత కోసితిమి. నియమము నియమమే గదా యని మాకు మేము సమాధానము చెప్పుకొంటిమి.

ఆ సాయంత్రము ఆయన భార్య సంఘము గడప వద్దకు వచ్చినది. "అన్నా, కోత కోసుకోండి, దానికి నేను రాలేదు. అది వక్క రసం కాదు. ఆయన చేతి నెత్తురు. ఎవరితోనూ చెప్పొద్దని నా మీద ఒట్టు పెట్టుకున్నాడు" అన్నది.

వెంటనే వారి ఇంటికి పోయితిమి. అరచేతులు రెండును దుంపవలె ఎర్రబడి, పొక్కులు లేచి, వ్రేళ్ళ సందులలో చర్మము ఊడియున్నది. అరికాళ్ళును అట్లే యున్నవి. నాడెను విసరు పిడికి, కాలితో తొక్కు చెక్కలకు పాతగుడ్డ చుట్టుకొని నేయుచున్నారు. రెండవ విడత చివరనే చేతులు మండుట మొదలైనదట. చెప్పినచో డాక్టరు మందు నిలిపివేయునని, మందు నిలిచినచో రోగము తిరుగబెట్టునని భయము. మగ్గము నిలిచినచో ఇల్లు గడవదని మరియొక భయము. ఈ రెండు భయముల నడుమ ఆయన చేతులు నలిగిపోయినవి.

ఆసుపత్రిలో ఇచ్చిన సూచనల కాగితమును చూపుమంటిమి. తమిళములోను, ఇంగ్లీషులోను స్పష్టముగనే అచ్చువేసియున్నది. ఆయన చదివినది తెలుగు బడిలో ఐదవ తరగతి. తమిళము ధారాళముగ మాటలాడగలరు గాని చదువలేరు. ఆ కాగితము దేవుని పటము వెనుక భద్రముగ నున్నది. మాయింటికి ఆరు ఇండ్ల దూరములో నున్న ఆ కాగితమును మేమైన నొక్కమారు అడిగి చదివి చెప్పియుండవలసినది. చెప్పలేదు.

మరునాడు ఉదయపు రైలులో ఆయనతో కూడ పోయితిమి. డాక్టరమ్మ గారు చేతులు చూచి, మందు నిలిపి, చర్మము మానువరకు ఆగవలెనని చెప్పి, ఆ పిమ్మట మోతాదు కొంత తగ్గించి మరల ప్రారంభించిరి. "ముందే వచ్చియుంటే పుండు పడేది కాదు" అని మాత్రము అన్నారు. ఆ దినము మేము ఆమెను అడిగి తెలిసికొన్నవి, తరువాత చదివి తెలిసికొన్నవి ఇచట వ్రాయుచున్నాము.

ముందుగా ఈ మందు పుట్టుపూర్వము కొంత తెలియవలెను. క్యాన్సరు కణము వేగముగ పెరుగునది. పెరుగుటకు దానికి కొన్ని పదార్థములు కావలెను. ఆ పదార్థమును పోలినదే కాని పనికి రాని దానిని అందించినచో కణము మోసపోయి పెరుగుట మానును. నూలు కండెకు బదులు పుచ్చిన దారపు కండె నాడెలో పెట్టినచో నేత ఎట్లు ఆగునో అట్లన్నమాట. ఈ విధమైన మందులకు తొలిరోజులలో దారి తీసినవారిలో మన తెలుగువాడొకడు కలడు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు గాంధీ గారి పిలుపు ననుసరించి ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స గదిలోనికి పోయినందున పై అధికారి ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడవలసి వచ్చినది. చేనేత గుడ్డ కట్టినందుకు ఆయన చెల్లించిన వెల అది. 1922లో అమెరికా చేరి, తరువాత లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు నాయకులైరి. వారి పరిశోధనశాలలో తయారైన అమినాప్టెరిన్ అను మందును బోస్టను నగరములో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికముగ గుణము కనబడినట్లు 1948 జూన్‌లో ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు మరణించిరి. ఆ మందుకు తోబుట్టువైన మెతోట్రెక్సేటు నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది.

1957లో అమెరికాలోనే చార్లెస్ హైడెల్‌బెర్గరు అను శాస్త్రజ్ఞుడు ఫ్లోరోయురాసిల్ అను మరియొక మందు చేసెను. దీనిని రక్తనాళములో ఎక్కించవలెను. కాపెసిటబీన్ మాత్ర కడుపులోనికి పోయిన తరువాత శరీరములో మార్పు చెంది ఈ ఫ్లోరోయురాసిల్‌గనే అగును. దీనికి అమెరికాలో 1998లో అనుమతి లభించినది. నేడు మన దేశపు కంపెనీలును తయారు చేయుచున్నవి. పెద్దప్రేగు, జీర్ణాశయము, రొమ్ము క్యాన్సర్లకు దీనిని ఇచ్చుచున్నారు. అనగా మాత్ర చిన్నదైనను సీసాలో ఎక్కించు మందు ఎంత బలమైనదో ఇదియు అంత బలమైనదే. ఇంటిలో మ్రింగుచున్నాము గదా యని తలనొప్పి మాత్రవలె చూడరాదు.

ఈ మందు క్యాన్సరు కణములనే గాక వేగముగ పెరుగు మంచి కణములను కూడ కొంత దెబ్బతీయును. అందుచేతనే నోరు పూయును, విరేచనములు పట్టును, రక్తకణములు తగ్గును. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడుట దీనికి ప్రత్యేకము. రాపిడి, ఒత్తిడి, వేడి ఎక్కడ ఎక్కువో అచట బాధ ఎక్కువ. కచ్చేరీలో కూర్చుండు గుమాస్తాకు ఇది కొంత బాధ. పొద్దస్తమానము పిడి లాగి, చెక్క తొక్కు నేతగానికి ఇది జీవనాధారమునకే దెబ్బ.

ఈ బాధకు మూడు మెట్లు కలవు. చేతులు తిమ్మిరెక్కి, ఎర్రబడి, నొప్పి లేక యుండుట మొదటి మెట్టు. నొప్పి, వాపు వచ్చి నిత్యపు పనులకు అడ్డు తగులుట రెండవది. పొక్కులు లేచి, చర్మము ఊడి, పని చేయనేలేకుండుట మూడవది. రెండవ మెట్టునకు వచ్చిన వెంటనే మందు మ్రింగుట ఆపి ఆసుపత్రికి తెలుపవలెను. మా అన్నగారు మూడవ మెట్టు ఎక్కిన పిమ్మట గాని మాకు తెలియలేదు.

మందు ఆపినచో చికిత్స చెడునని భయపడనక్కరలేదు. తగినప్పుడు ఆపుట, తగ్గించుట ఈ చికిత్సలో భాగమే. వైద్యులు మోతాదు తగ్గించినంత మాత్రమున ఫలము పోదు. పడుగు బిగువెక్కి పోగులు తెగుచున్నప్పుడు మనము కొంచెము సడలించుదుము. గుడ్డ నేయుట మానుకొన్నామని దాని యర్థము కాదు గదా. తెగిన పోగులతో పంతమునకు నేసినవాడే గుడ్డ చెరుపుకొనును.

చేతులను కాచుకొను విధము ఇది. మందు మొదలుపెట్టిన దినము నుండియే, ఎర్రబడువరకు ఆగక, ఉదయము సాయంత్రము అరచేతులకు, అరికాళ్ళకు చర్మమును మెత్తబరచు లేపనము పూయవలెను. యూరియా కలిసిన లేపనమును వైద్యులు తరచు వ్రాయుదురు. రుద్దక, మెల్లగ అద్దవలెను. రాత్రి పూసి పలుచని నూలు మేజోళ్ళు తొడుగుకొనుట మేలు. వేడినీళ్ళలో చేతులుంచరాదు. పొయ్యి సెగ, మిట్టమధ్యాహ్నపు ఎండ కూడదు. బిగువైన చెప్పులు, వట్టికాళ్ళతో నడక రెండును చెడ్డవే. పొక్కులను చిదుమరాదు.

ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు ఈ మందు వాడుచున్న 264 మందిపై ఒక పరిశోధన చేసి 2024లో ప్రకటించిరి. కీళ్ళనొప్పులకు పూయు డైక్లోఫినాక్ మలామును దినమునకు రెండుమార్లు చేతులకు పూసినవారిలో నూటికి సుమారు 4గురికి మాత్రమే రెండవ మెట్టు లేక అంతకు మించిన బాధ వచ్చినది. మందులేని వట్టి మలాము పూసినవారిలో నూటికి 15 మందికి వచ్చినది. ఇది దుకాణములో సులభముగ దొరకు మలామే. అయినను మీ వైద్యుని అడిగియే వాడవలెను. పుండు పడిన చర్మముపై పూయరాదు. మలామునకు బదులు ఆ పేరుగల మాత్రలు మ్రింగరాదు. గోరింటాకు పెట్టవచ్చునా యని మన యాడవారు అడుగుచున్నారు. అంగడిలో అమ్ము గోరింటాకు పొట్లములలో కొన్నిటియందు చర్మమును కాల్చు రసాయనములు కలవు. వాటి జోలికి పోవలదు.

మన పనిలో జాగ్రత్త ఏమన: ఈ మందు వాడువారు రంగు తొట్టి దగ్గరకు, కాస్టిక్ సోడా దగ్గరకు పోరాదు. వేడి గంజిలో చేయి పెట్టరాదు. ఎండలో వీధిలో పడుగు సాగదీయు పనికి పోరాదు. చేతులు బాగున్న దినములలో నేయదలచినచో వైద్యుని అనుమతితో, కొద్దిసేపు నేసి లేచుచుండవలెను. పిడికి, తొక్కు చెక్కలకు మెత్తని దూదిగుడ్డ చుట్టవలెను. మంట మొదలైనచో మగ్గము దిగవలెను.

మాత్రలు మ్రింగు క్రమమును మరువరాదు. భోజనమైన అరగంట లోపల నీళ్ళతో మ్రింగవలెను. నలుగగొట్టరాదు, విరువరాదు. గర్భిణులు, పిల్లలు తాకరాదు. ఒక పూట మరచినచో మరుపూట రెట్టింపు మ్రింగరాదు. బలమునకని ఫోలిక్ యాసిడ్ కలిసిన విటమిను మాత్రలు సొంతముగ కొని వాడరాదు. అవి ఈ మందు విషమును పెంచగలవు. గుండెజబ్బునకు రక్తము పలుచనగుటకు మందు వాడువారు ముందే ఆ సంగతి చెప్పవలెను. కొందరికి మాత్రలతో పాటు ఆక్సాలిప్లాటిన్ అను సీసా మందు కూడ ఎక్కింతురు. అట్టివారికి చన్నీళ్ళు తగిలినను వ్రేళ్ళు జివ్వుమనును, గొంతు పట్టినట్లగును. వారు చల్లని వస్తువులను తాకరాదు.

క్రింది వానిలో ఏది వచ్చినను తెల్లవారువరకు ఆగరాదు, మందు ఆపి ఆసుపత్రికి పోవలెను. మామూలుకంటె నాలుగుమార్లు, అంతకు మించి విరేచనములైనను, రాత్రి నిద్రలో లేచి పోవలసి వచ్చినను, దినములో ఒకటికంటె ఎక్కువమార్లు వాంతియైనను, నోటిపూతతో అన్నము తినలేకపోయినను, జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీటు చేరినను; ఛాతీలో నొప్పి వచ్చినను. జ్వరమునకు అంగడి మాత్ర వేసి కూర్చుండుట ప్రాణాపాయము. విరేచనములు పట్టినప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగ త్రాగించుచు బయలుదేరవలెను. నోరు పూసినప్పుడు కారము మాని పెరుగన్నము, చల్లారిన రాగి జావ ఇచ్చుట మంచిది.

మరియొక చిక్కు కలదు. చర్మము ఊడుటచే వేలిముద్రలు చెరిగిపోవును. సింగపూరు నుండి అమెరికా వెళ్ళిన ఒక వృద్ధునికి ఈ మందు వలన వేలిముద్రలు పడక అధికారులు గంటలకొలది నిలిపివేసిన సంగతి 2009లో ఒక వైద్య పత్రికలో వచ్చినది. మనకు ఆ చిక్కు రేషను అంగడిలో, బ్యాంకులో వచ్చును. రేషను కార్డులో పేరున్న మరియొకరు పోయి ముద్ర వేయవచ్చును. బ్యాంకునకు డాక్టరు చీటి తీసికొని పోవలెను.

ఖర్చు విషయములో, తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య భీమా పథకము క్రింద అర్హతగల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు వైద్యము లభించును. ఆంధ్ర ప్రక్కనున్న బంధువులకు 2007లో ఆరోగ్యశ్రీగ ప్రారంభమై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్న పథకము కలదు. కార్డు లేనివారు జబ్బు వచ్చువరకు ఆగక ఇప్పుడే పొందవలెను. చెన్నపట్టణములో అడయారు క్యాన్సరు సంస్థను డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1954లో 12 పడకలతో ప్రారంభించిరి. 1923లో తన చెల్లెలు క్యాన్సరుతో మరణించుట చూచిన బాధ వారిని అందుకు పురికొల్పినది. క్యాన్సరనగానే కథ ముగిసినదనుకొను కాలము కాదిది. అది అంటురోగమును కాదు. రోగి తాకిన నూలును, నేసిన గుడ్డను శంకించుట అజ్ఞానము.

మా సంఘములో జరిగిన మార్పులు చెప్పి ముగింతుము. కోసిన కూలిని తిరిగి ఇచ్చి, చిట్టాలో 'మరక' అన్న మాటను కొట్టివేసి, కారణము వ్రాసి మా సంతకము చేసితిమి. నలుగురి యెదుట అన్న మాటకు నలుగురి యెదుటనే క్షమాపణ చెప్పుకొంటిమి. ఆయన "పోనీలే తమ్ముడూ, నువ్వేం కలగన్నావా?" అన్నారు. చికిత్స ముగియువరకు ఆయనకు సంఘము అంగడిలో కూర్చుండి అమ్మకపు లెక్క చూచు పని ఇచ్చి, నేతలో వచ్చుదానికి కొంచెము తక్కువగ నైనను వారము వారము కూలి అందునట్లు కమిటీలో తీర్మానించితిమి. ఆసుపత్రి కాగితమును తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి వారింటి గోడకు అంటించితిమి. మాత్రలు మ్రింగు దినములకు ఎర్రగుర్తు, విశ్రాంతి దినములకు పచ్చగుర్తు పెట్టితిమి. ఆయన భార్య ప్రతి ఆదివారము ఆయన చేతులు చూచి, ఎట్లున్నవో మాకు చెప్పునది.

అక్టోబరు నెలలో 8వ విడత ముగిసినది. చర్మము మానినది. సంక్రాంతి కాగానే ఆయన మరల మగ్గములో దిగినారు. పూర్వపు వేగము లేదు, వ్రేళ్ళ కొసలలో ఇంకను కొంచెము మొద్దుతనమున్నది. మూడు నెలల కొకమారు పరీక్షకు పోయి వచ్చుచున్నారు.

కార్యదర్శులారా, మీ బల్లమీదికి మరకపడిన గుడ్డ వచ్చినప్పుడు కోత వ్రాయుటకు ముందు ఆ నేసినవాని చేతులు ఒక్కమారు చూడుడు. నేత సోదరులారా, చేతులు మండుచున్నప్పుడు దాచవలదు. ఇంటివారికి చెప్పుడు, సంఘమునకు చెప్పుడు, అందరికంటె ముందు వైద్యునికి చెప్పుడు. తెలుగులో వ్రాసిన ఆ సూచనల కాగితపు ప్రతులు మా సంఘములో సిద్ధముగ నున్నవి. కావలసినవారు వచ్చి తీసికొనవచ్చును. రాలేనివారికి, కబురంపినచో మేమే తెచ్చి చదివి వినిపింతుము.

- ఒక సహకార సంఘ కార్యదర్శి, ఎలవూరు